నిద్ర లేవని తెర, పోని బోర్డు

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటి నుంచి పనిచేసేవారి కోసం మీ పత్రికలో ఇటీవల ఇచ్చిన చిట్కాల్లో, పని ముగిశాక ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేయనవసరం లేదనీ, మూత మూస్తే అదే నిద్రలోకి వెళ్లి, మరునాడు తెరవగానే ఆగిన చోటి నుంచి పని మొదలవుతుందనీ రాశారు. ఆ మాట ఒకప్పటి ల్యాప్‌టాప్‌కు అచ్చంగా సరిపోతుంది. ఇప్పుడు అంగళ్లలో అమ్ముతున్నవాటిలో చాలావాటికి, అందులోనూ పక్కన మరో మానిటర్ తగిలించుకొని పనిచేసేవారికి, అది సగమే సరిపోతుంది. మిగిలిన సగం తెలియక నేను నెల రోజులు పడిన తిప్పలే ఈ ఉత్తరానికి కారణం. కాస్త పెద్దదే అయినా, మీ పాఠకుల్లో నాలాంటివారు బెంగళూరులో వేలమంది ఉంటారు గనుక ఓపికతో చదవమని మనవి.

నేను రామమూర్తినగర్‌లో ఉంటూ, హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు చిన్న వ్యాపారులకు ఇంటి నుంచే లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. ఒకపక్క బిల్లు, మరోపక్క ఖాతా పెట్టుకొని సరిచూసుకోవడానికి ల్యాప్‌టాప్ తెర చాలక, రెండేళ్ల కిందట 24 అంగుళాల మానిటర్ ఒకటి కొన్నాను. దానితోపాటు, చాలా పరికరాలను ఒకే తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపే టైప్-సి హబ్ అనే చిన్న పెట్టె కూడా కొని, మానిటర్, కీబోర్డ్, మౌస్, ఛార్జర్ అన్నిటినీ ఆ హబ్‌కే తగిలించి, ల్యాప్‌టాప్‌ను మూత మూసి గోడవారగా నిలబెట్టి, దానికి ఒకే ఒక్క తీగ వెళ్లేలా అమర్చుకున్నాను. బల్ల మీద చూడముచ్చటగా ఉండేది. గొడవంతా ఆ ముచ్చటలోనే ఉందని తరువాత తెలిసింది.

మా పనిలో నెలకు రెండు తేదీలు గుండె మీద కూర్చుంటాయి: అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కు 11, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బీకి 20. ఒక నెల సరిగ్గా 11వ తేదీ ఉదయం కీబోర్డ్ మీట ఎంత నొక్కినా మానిటర్ లేవలేదు. నల్లటి తెర మీద సిగ్నల్ లేదన్న అక్షరాలు క్షణకాలం మెరిసి, అంచున ఉన్న చిన్న దీపం నీలం నుంచి పసుపుకు మారి, అది మళ్లీ పడుకుంది. మూత తెరిచి చూస్తే ల్యాప్‌టాప్ తెర కూడా నల్లగానే ఉంది. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతోంది. తోచినది ఒక్కటే: పవర్ బటన్‌ను పది సెకన్లు అదిమిపట్టి ఆర్పి, మళ్లీ వేశాను. వచ్చింది. రాత్రి సేవ్ చేయకుండా వదిలేసిన ఇరవై మూడు బిల్లుల నమోదు మాత్రం రాలేదు. ఆ వారంలోనే ఇలా ఇంకా మూడుసార్లు జరిగింది.

టౌన్‌హాల్ దగ్గరి సదర్ పత్రప్ప రోడ్డు, అందరూ ఎస్పీ రోడ్డనే వీధి, మీ పాఠకులకు తెలిసే ఉంటుంది. కంప్యూటర్ సామాను దొరకని అంగడి అక్కడ అరుదు. అక్కడ ఒక అంగడిలో నా కథంతా విన్న కుర్రవాడు యంత్రాన్ని తిరగేసి చూసి, "బోర్డ్ హోగిదె, మేడమ్" అన్నాడు. మదర్‌బోర్డు పోయిందట. మార్చడానికి పదహారు వేలు, తెప్పించడానికి వారం. ముందుగా ఐదు వందలు కట్టి, ల్యాప్‌టాప్‌ను రెండు రోజులు అక్కడే వదిలి వచ్చాను. మూడోనాడు వెళ్లేసరికి అతను దాన్ని పదిసార్లు నిద్రపుచ్చి పదిసార్లూ లేపాడట, ఒక్కసారి కూడా మొరాయించలేదట. అది అతనికి వింతగా తోచలేదు, "అప్పుడప్పుడు అలాగే ఉంటుంది" అన్నాడు. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలైంది. పోయిన బోర్డు మా ఇంట్లో మాత్రమే పోయి, ఎస్పీ రోడ్డులో ఎలా బాగుపడుతుంది? మా ఇంట్లో ఉండి అంగడిలో లేనివి రెండే: నా మానిటర్, నా హబ్. యంత్రాన్ని ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఆ అనుమానాన్ని తేల్చింది నా తెలివి కాదు, కంప్యూటర్ తనంతట తాను రాసుకునే దినచర్య. విండోస్‌లో 'ఈవెంట్ వ్యూయర్' అని ఒకటి ఉంటుంది. అందులో 'విండోస్ లాగ్స్', దాని కింద 'సిస్టమ్' తెరిస్తే ఏ క్షణాన ఏం జరిగిందో వరుసగా కనిపిస్తుంది. ఇప్పటి తరహా నిద్రలోకి వెళ్లినప్పుడు 'కెర్నల్-పవర్' పేరుతో 506 అనే సంఖ్య, లేచినప్పుడు 507 అనే సంఖ్య నమోదవుతాయి. నేను ఆ 11వ తేదీ వరకు వెనక్కి వెళ్లి చూస్తే, తెల్లవారి నేను మూత తెరిచిన సమయానికి సరిగ్గా 507 ఉంది. అంటే యంత్రం లేచింది. లేచి, తెర మీదికి రావడానికి దారి దొరక్క కూర్చుంది. ఆ తరువాత కొద్ది నిమిషాలకు 41 అనే సంఖ్య ఎర్రటి గుర్తుతో ఉంది. దాన్ని చూసి చాలామంది కంగారుపడతారు, ఎందుకంటే దాని పక్కన 'క్రిటికల్' అని రాసి ఉంటుంది. కానీ 41కి అర్థం, యంత్రం పద్ధతిగా మూతపడకుండా ఆగి మళ్లీ మొదలైందని మాత్రమే. నా విషయంలో ఆ ఆపినది నా బొటనవేలే. అంగడి కుర్రవాడు కూడా ఆ ఎర్రగుర్తునే నాకు వేలుపెట్టి చూపించాడని ఇప్పుడు గుర్తుకొస్తోంది.

ఇక నిద్ర సంగతి. కంప్యూటర్ ఎప్పుడు మేలుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి అన్నదానికి ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996లో ఏసీపీఐ అనే ఒప్పందం లాంటి ప్రమాణాన్ని తెచ్చాయి. అందులో ఎస్3 అనేది మనం ఇన్నాళ్లూ స్లీప్ అని పిలిచిన గాఢనిద్ర: ప్రాసెసర్ ఆగిపోతుంది, తెర ఆరిపోతుంది, తెరిచి ఉన్న పనులను గుర్తుపెట్టుకోవడానికి మెమరీకి మాత్రం కాస్త కరెంటు అందుతూ ఉంటుంది. ఎస్4 అనేది హైబర్నేట్: మెమరీలో ఉన్నదంతా డిస్కులో రాసిపెట్టి యంత్రం పూర్తిగా ఆరిపోతుంది. ఫోను లాగా ల్యాప్‌టాప్ కూడా పడుకొనే మెయిళ్లు అందుకోవాలన్న ఆశతో 2012లో విండోస్ 8తో మరో తరహా నిద్ర వచ్చింది. విండోస్ 10 నాటికి అది 'మోడర్న్ స్టాండ్‌బై' అయింది. ఇందులో యంత్రం నిజానికి ఎస్0 స్థితిలోనే, అంటే మెలకువలోనే, ఉండి వీలైనన్ని భాగాలను మగతలో ఉంచుతుంది. మా అవ్వ మాటల్లో చెప్పాలంటే కోడికునుకు. కోడికునుకులో ఉన్నది చిన్న అలికిడికీ కన్ను తెరుస్తుంది. నెట్‌వర్క్ కార్డు పిలిచినా, యూఎస్‌బీకి తగిలించిన దేనికో కదలిక వచ్చినా తెరుస్తుంది. ఆ తెరవడంలో లోపలి భాగాలన్నీ ఒక వరుసలో మేలుకోవాలి, ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాముల్లో, అంటే డ్రైవర్లలో, ఏ ఒక్కటి తడబడినా వరుస చెడుతుంది.

మీ దగ్గరి యంత్రంలో ఏ నిద్ర ఉందో తెలుసుకోవడం సులువు. 'కమాండ్ ప్రాంప్ట్' తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పి, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సీ, ఎఫ్, జీ అని వరుసగా కొట్టి, ఒక ఖాళీ వదిలి, కుడివైపు వాలిన గీత, దాని పక్కనే ఏ కొట్టి ఎంటర్ నొక్కితే, ఈ యంత్రంలో ఏయే నిద్రలు ఉన్నాయో, ఏవి లేవో, లేకపోతే ఎందుకు లేవో అదే చెబుతుంది. నా దానిలో ఎస్3కి ఫర్మ్‌వేర్, అంటే యంత్రంలోనే పాతుకొని ఉండే ప్రోగ్రామ్, మద్దతు లేదని వచ్చింది. విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ఫలానా విలువ మారిస్తే పాత నిద్ర తిరిగి వస్తుందని చెప్పేవారు ఉన్నారు. ఫర్మ్‌వేర్‌లోనే లేని నిద్ర ఏ విలువ మార్చినా రాదు, ఆ జోలికి పోకండి. మా పక్కింటివారి అబ్బాయి సెలవులకు ఊరికి పోతూ మూత మూసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ అనంతపురంలో దిగేసరికి ఇస్త్రీపెట్టెలా వేడెక్కి బ్యాటరీ మొత్తం అయిపోయి ఉందట. అది కూడా ఈ కోడికునుకు పనే అని నేను నమ్ముతున్నాను.

పడుకున్నది ల్యాప్‌టాప్ ఒక్కటే అయితే గొడవ సగమే. మానిటర్‌కు కూడా తన నిద్ర తనకు ఉంది, ఆ రెంటికీ మధ్య పలకరింపు జరిగితేనే బొమ్మ వస్తుంది. బొమ్మను మానిటర్‌కు మోసే హెచ్‌డీఎంఐ తీగ మొనలో 19 పిన్నులు ఉంటాయి. చిట్టచివరి పిన్ను పని, 'ఇక్కడ మానిటర్ ఉంది' అని కంప్యూటర్‌కు కబురు పంపడం. ఆ కబురు అందాక కంప్యూటర్ వేరే పిన్నుల ద్వారా మానిటర్‌ను అడిగి, అది ఏ సైజు బొమ్మ చూపగలదో, సెకనుకు ఎన్నిసార్లు మార్చగలదో రాసి ఉన్న ఈడీఐడీ అనే చిన్న చీటీ చదువుకుంటుంది. చీటీ అసలు భాగం 128 బైట్లే, మనం ఫోనులో పంపుకొనే సందేశమంత. అది చదవగలిగితేనే బొమ్మ పంపుతుంది. మానిటర్ మరీ లోతుగా నిద్రపోయి ఆ కబురు పిన్నునే వదిలేసిందనుకోండి, కంప్యూటర్ దృష్టిలో మానిటర్ పీకేసినట్టే. కంప్యూటర్ నుంచి బొమ్మ వస్తే లేద్దామని మానిటర్, మానిటర్ ఉందని తెలిస్తే బొమ్మ పంపుదామని కంప్యూటర్, ఎవరు ముందు పలకరించాలో తేలక వియ్యాలవారు ఎదురెదురు గదుల్లో కూర్చున్నట్టు కూర్చుంటాయి.

నా ఇంట్లో వాటి మధ్య పెళ్లి పెద్దగా హబ్ ఒకటి ఉంది. టైప్-సి పోర్టులో కరెంటు, డేటా, బొమ్మ మూడూ ఒకే తీగలో నడుస్తాయి గనుక, ప్రతిసారీ మేలుకున్నప్పుడు ఎన్ని వాట్లు ఎవరు ఎవరికివ్వాలి, తీగలోని ఏ దారులు బొమ్మకు, ఏవి డేటాకు అన్న బేరం మళ్లీ కుదరాలి. మంచి హబ్‌కు ఇది తృటిలో తేలిపోతుంది. చౌకదానికి ఒక్కోసారి తేలనే తేలదు. అది తేలనంతసేపూ దానికే తగిలించిన నా కీబోర్డ్, మౌస్ కూడా చచ్చుబడి ఉంటాయి. ల్యాప్‌టాప్‌ను లేపగల పవర్ బటన్ చూస్తే మూసిన మూత కింద ఉంది. ఇంత అందంగా ఎవరైనా తమ చేతులు తామే కట్టేసుకుంటారా అని నాకే నవ్వొచ్చింది. పైగా మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు మానిటర్, ఛార్జర్ రెండూ ఒకసారి ఆరి వెలుగుతాయి, ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద కునికిపాట్లు పడుతూనే ఉంటుంది. అంటే ఆ బేరం అర్ధరాత్రి ఎవరూ చూడని వేళ కూడా మొదలై చెడుతుంది. నా చిట్టాలో చూస్తే తెర లేవని నాలుగు రోజుల్లో మూడు రోజులు ముందు రాత్రి కరెంటు పోయిన రోజులే.

కనుక తెర నల్లగా ఉన్నప్పుడు పవర్ బటన్ మీదికి చేయి పోకముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు ల్యాప్‌టాప్ సొంత కీబోర్డ్ మీది క్యాప్స్ లాక్ నొక్కి, దాని చిన్న దీపం వెలిగి ఆరుతోందా అన్నది చూడాలి. వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ బతికే ఉంది, మన ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, లేనిది బొమ్మ మాత్రమే. ఈ ఒక్క పరీక్ష నాకు ముందే తెలిసి ఉంటే ఆ ఇరవై మూడు బిల్లులు మళ్లీ కొట్టే పని తప్పేది. తరువాత మానిటర్ వెనుక ఉన్న మెనూ బటన్ నొక్కాలి. మెనూ తెర మీదికి వస్తే మానిటర్ కూడా బాగానే ఉన్నట్టు. రెండూ బాగున్నాయంటే తప్పు మధ్యలో ఉంది, తీగలోనో హబ్‌లోనో పలకరింపులోనో.

అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్ మూడూ కలిపి పట్టుకొని బి నొక్కాలి. చిన్న కూత వినిపించి తెర ఒక్కసారి అదురుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం మళ్లీ మొదలవుతుంది, తెరిచి ఉన్న ఫైళ్లకు ఏమీ కాదు. హబ్‌కు తగిలించిన కీబోర్డ్ మీద కాకుండా ల్యాప్‌టాప్ కీబోర్డ్ మీదే నొక్కాలి సుమా, లేకపోతే పలకనిదానికి చెప్పినట్టే. దానితో రాకపోతే తీగను ల్యాప్‌టాప్ వైపు పీకి, మానిటర్ ప్లగ్గును గోడ దగ్గర ఆపి, అర నిమిషం ఆగి, ముందు మానిటర్ వేసి, అది పూర్తిగా మేలుకున్నాక తీగ పెట్టాలి. నా దానిలో తీగ పీకిన మరుక్షణమే ల్యాప్‌టాప్ తెర వెలిగింది; బోర్డు సంగతి అక్కడితో తేలిపోయింది. ఒక్కోసారి అంతా సరిగానే ఉండి, బొమ్మను రెండో తెరకు మాత్రమే పంపమన్న పాత ఎంపిక వల్ల కూడా మొదటి తెర నల్లగా ఉంటుంది. విండోస్ మీటతో పి నొక్కితే ఆ ఎంపిక మార్చుకోవచ్చు.

ఇది తెలిశాక మళ్లీ ఎస్పీ రోడ్డుకే వెళ్లి, ఈసారి వేరే అంగడిలో, ఒక హెచ్‌డీఎంఐ తీగ కొన్నాను. ఆ అంగడి పెద్దాయన నా కథ విని, హబ్ మానేసి ల్యాప్‌టాప్‌కే ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలో నేరుగా పెట్టి వారం చూడమనీ, అప్పటికీ తగ్గకపోతే తీగ వెనక్కి తీసుకుంటాననీ అన్నాడు. ఒకే వీధిలో ఇద్దరు ఉన్నారని చెప్పడానికే ఇది రాస్తున్నాను. తీగ నేరుగా పెట్టాక గొడవ చాలావరకు తగ్గింది. మిగిలినదానికి మందు మానిటర్ మెనూలో దొరికింది. అందులో 'డీప్ స్లీప్' అన్న ఎంపికను ఆపేశాను. ఏ రంధ్రం నుంచి సిగ్నల్ వస్తుందో తానే వెదుక్కునే 'ఆటో' ఎంపికను తీసి, హెచ్‌డీఎంఐ 1 అని ఖాయం చేశాను. అంతకు ముందు అది లేచిన ప్రతిసారీ మూడు రంధ్రాలూ ఒకటి తరువాత ఒకటి వెదికి, ల్యాప్‌టాప్ పలికే సమయానికి మరో రంధ్రం దగ్గర ఉండేది కాబోలు. కీబోర్డ్‌ను, మౌస్‌ను కూడా హబ్ నుంచి తీసి ల్యాప్‌టాప్‌కే పెట్టాను. ఛార్జర్ కూడా సొంత రంధ్రంలోకే వెళ్లింది. ఇప్పుడు బల్ల మీద నాలుగు తీగలు. ముచ్చట పోయింది.

డ్రైవర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఎక్కడపడితే అక్కడ కాకుండా, ల్యాప్‌టాప్ తయారీదారు తన మోడల్ కోసం ఇచ్చినదే ముందు వేసుకోవడం మేలు. యంత్రం మొదలవగానే నడిచే ఫర్మ్‌వేర్ అయిన బయాస్‌కు కొత్త కూర్పు ఉంటే అదీ వేయాలి, ఎందుకంటే నిద్ర వరుసను నడిపించేది అదే. అయితే ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే వేయాలి. వేసిన తరువాత షట్‌డౌన్ చేసి మళ్లీ వేయడం కాదు, 'రీస్టార్ట్' నొక్కాలి. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉంది. అది అమల్లో ఉంటే షట్‌డౌన్ చేసినా యంత్రం విండోస్ గుండెకాయను డిస్కులో దాచి మరునాడు దాన్నే తీస్తుంది, కాబట్టి తడబడిన డ్రైవర్ తడబడినట్టే తిరిగి వస్తుంది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాను కదా, ఇంకా ఎందుకిలా అని అడిగేవారికి జవాబు చాలాసార్లు ఇదే.

రాత్రిపూట కోడికునుకును నేను పూర్తిగా మానేశాను. కంట్రోల్ ప్యానెల్‌లోని 'పవర్ ఆప్షన్స్'లో మూత మూస్తే ఏం చేయాలో ఎంచుకునే చోట హైబర్నేట్ పెట్టుకున్నాను. ఉదయం లేవడానికి అది స్లీప్ కంటే కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఆలోపు నేను స్టవ్ మీద పాలు పెట్టి వస్తాను. కరెంటు పోయినా, బ్యాటరీ అయిపోయినా పని ఎక్కడికీ పోదు, ఎందుకంటే అంతా డిస్కులో ఉంది. భోజనానికో కాఫీకో లేచినప్పుడు మాత్రం స్లీప్ వాడతాను, అదీ సేవ్ చేశాకే.

ల్యాప్‌టాప్ బదులు డెస్క్‌టాప్ ఉన్నవారికి మరో మాట. హెచ్‌డీఎంఐ లాగే బొమ్మ మోసే డిస్‌ప్లేపోర్ట్ తీగల్లో 20వ పిన్ను కరెంటుకు సంబంధించినది; ప్రమాణం ప్రకారం మామూలు తీగలో అది రెండు కొసలనూ కలపకూడదు. నాసి తీగల్లో కలిపేస్తారు, అప్పుడు మానిటర్ నుంచి కరెంటు కంప్యూటర్‌లోకి పారి, లేవకపోవడం, అసలు మొదలవకపోవడం వంటి అంతుపట్టని జబ్బులు వస్తాయి. ఆపిల్ ల్యాప్‌టాప్ మూత మూసి బయటి మానిటర్‌తో వాడాలనుకునేవారు ఛార్జర్, బయటి కీబోర్డ్, మౌస్ పెట్టుకోవాలని ఆ సంస్థే చెబుతుంది. ఛార్జర్ ఊడిపోయి తెర లేవలేదని బెంబేలుపడినవారిని ఇద్దరిని చూశాను. లైనక్స్ వాడే మా మేనల్లుడి యంత్రంలో పాత నిద్ర, కొత్త నిద్ర రెండూ ఉండి, ఏది వాడాలో ఎంచుకునే వీలు కూడా ఉంది. పాతది ఎంచుకున్నాక అతని గొడవ తీరింది. అదృష్టవంతుడు.

బోర్డు ఎప్పుడూ పోదని నేను అనడం లేదు. తీగలన్నీ పీకేసి, ఛార్జర్ ఒక్కటే ఉంచి, పవర్ బటన్‌ను అర నిమిషం అదిమిపట్టి వదిలాక కూడా క్యాప్స్ లాక్ దీపం వెలగకపోతే, ఫ్యాను కదలకపోతే, మొదటి నుంచి వేసినా తెర రాకపోతే అంగడికి వెళ్లవలసిందే. అక్కడ కూడా మెమరీ చిప్‌ను తీసి తుడిచి పెట్టి చూశారా అని అడగాలి. నా అభ్యంతరం ఒక్కటే. మానిటర్ తేకుండా, తీగ తేకుండా ఒంటరిగా తెచ్చిన ల్యాప్‌టాప్‌ను చూసి, అక్కడ ఒక్కసారి కూడా కనిపించని జబ్బుకు పదహారు వేల వైద్యం రాయడం ఏ లెక్కన న్యాయం? తగిలించినవన్నీ వెంట తెమ్మని ఒక్క మాట చెప్పినా చాలేది.

తయారీదారులతో కూడా నాకు పేచీ ఉంది. డబ్బా మీద ప్రాసెసర్ పేరు, మెమరీ ఎంత, తెర ఎన్ని అంగుళాలు అని పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఇందులో గాఢనిద్ర లేదు, కోడికునుకే ఉందన్న మాట ఎక్కడా ఉండదు. రెండు టైప్-సి రంధ్రాలు ఉంటే, ఏది బొమ్మ పంపుతుంది, ఏది పంపదన్నది చాలా వాటి మీద రాయరు. తీగలదీ అదే తీరు, చూడడానికి ఒకేలా ఉన్న రెండు టైప్-సి తీగల్లో ఒకటి బొమ్మ మోస్తుంది, మరొకటి ఛార్జింగుకే పనికొస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, ప్రమాణాల గురించి తెలుసుకునే హక్కు కొనేవారికి ఇచ్చింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పేరుతో ఒక పోర్టల్ కూడా ప్రారంభించింది. సందేహాలకు, ఫిర్యాదులకు 1915 నంబరు ఉంది. నేను ఆ నంబరు వరకూ వెళ్లలేదు. వెళితే ఏమని ఫిర్యాదు చేయాలో ఆ రోజు నాకు తెలియదు కూడా. బోర్డు పోయిందనే నమ్మాను కదా.

మీ నుంచి కోరేది చిన్నదే. మూత మూస్తే చాలన్న ఆ చిట్కాకు అదే పేజీలో, అంతే చోటులో ఒక సవరణ వేయండి: మూత మూసేముందు సేవ్ చేయాలనీ, రాత్రికి హైబర్నేట్ మేలనీ, తెర లేవకపోతే పవర్ బటన్ కంటే ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడాలనీ. ఈ మూడు మాటలు తెలుగులో అచ్చయి కనిపిస్తే కత్తిరించి గోడకు అంటించుకునేవారు మా వీధిలోనే నలుగురు ఉన్నారు. వీలైతే వచ్చే 11వ తేదీ లోపు వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తినగర్, బెంగళూరు